ఇంట్లో చేసే బట్టల సబ్బు: తేల్చేది నీళ్లే

ఒక సబ్బు బిళ్ల తురమాలి. దానికి ఒక కప్పు వాషింగ్ సోడా, ఒక కప్పు బోరాక్స్ కలిపి డబ్బాలో పోసుకోవాలి. ఉతికేటప్పుడు ఒకటి రెండు చెంచాలు వేస్తే చాలు. ఇంట్లో చేసుకునే బట్టల సబ్బు అనగానే ఎక్కువమందికి తెలిసిన పద్ధతి ఇదే. దీన్ని వాడినవాళ్లలో కొందరు బట్టలు బ్రహ్మాండంగా శుభ్రపడ్డాయంటారు. ఇంకొందరు మాత్రం మూడు నాలుగు నెలలకే తెల్లబట్టలు బూడిదరంగుకు తిరిగాయని, తువ్వాళ్లు నీళ్లు పీల్చడం మానేశాయని చెబుతారు. ఇద్దరిదీ నిజమే. పొడి కలిపిన పద్ధతి ఒక్కటే అయినా ఆ రెండు ఇళ్ల కుళాయిల్లో వచ్చే నీళ్లు వేరు. ఈ విషయాన్ని పక్కనపెట్టి కొలతల మీద ఎంత వాదించినా ఉపయోగం లేదు.

ముందు పేరు దగ్గరే ఒక పొరపాటు ఉంది. తురిమి కలపడం సబ్బు తయారుచేయడం కాదు, ఎవరో తయారుచేసిన సబ్బును పొడి చేసుకోవడం. సబ్బు పుట్టేది నూనె, కాస్టిక్ సోడా అనే తీవ్రమైన క్షారం కలిసినప్పుడు. నూనెలోని కొవ్వు విడిపోయి కొవ్వు ఆమ్లాలు సోడియంతో జతకడతాయి, గ్లిజరిన్ బయటపడుతుంది. మనుషులు వేల ఏళ్లుగా సబ్బు చేస్తున్నా, లోపల ఏం జరుగుతోందో స్పష్టంగా వివరించింది ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త మిషెల్ షెవ్రూల్. కొవ్వుల మీద ఆయన చేసిన పరిశోధన 1823లో పుస్తకంగా వచ్చింది. అంతకుముందు నూనె, క్షారం కలిస్తే సబ్బవుతుందని తెలుసుగానీ ఎందుకవుతుందో తెలియదు.

సబ్బు అణువుకు ఒక పొడవాటి తోక, ఒక తల ఉంటాయి. తోకకు జిడ్డంటే ఇష్టం, తలకు నీళ్లంటే ఇష్టం. కాలర్ మీద పేరుకున్న చెమట జిడ్డులో తోకలన్నీ గుచ్చుకుంటాయి, తలలు నీళ్లవైపు ఉంటాయి. బట్టను రుద్దితే ఆ జిడ్డు చిన్న చిన్న ఉండలుగా ఊడివచ్చి నీళ్లలో తేలుతుంది, జాడిస్తే నీళ్లతో పాటు పోతుంది. నీళ్లలో ఇంకేమీ లేకపోతే సబ్బు చక్కగా పనిచేస్తుంది.

కానీ నీళ్లలో ఇంకేదో ఉంటుంది. నేల పొరల్లోంచి వచ్చే నీళ్లు కాల్షియం, మెగ్నీషియం లవణాలను కరిగించుకుని వస్తాయి. ఇవి సబ్బుకు తగిలితే సోడియం స్థానంలో కాల్షియం చేరిపోతుంది. కాల్షియం సబ్బు నీళ్లలో కరగదు, నురగ రాదు, మురికిని పట్టుకోదు. తెల్లటి తరకలా విడిపోయి దొరికినదానికల్లా అంటుకుంటుంది. బకెట్ లోపలి అంచున వేలు పెడితే జారే మైనంలాంటి పొర అదే. బట్ట కూడా దానికి అంటుకోవడానికి దొరికినదే.

ఇంట్లో నీళ్ల సంగతి తెలుసుకోవడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. మూత ఉన్న పారదర్శకమైన సీసా తీసుకుని మూడోవంతు కుళాయి నీళ్లు పోయాలి. అందులో గోరంత బట్టల సబ్బు తురుము వేసి పది పదిహేనుసార్లు గట్టిగా ఊపాలి. డిటర్జెంట్ కాకుండా నూనెతో చేసిన అసలు సబ్బే అయి ఉండాలి, లేకపోతే పరీక్షకు అర్థం లేదు. నీళ్లు దాదాపు తేటగా ఉండి పైన దట్టమైన నురగ నిలిస్తే మెత్తటి నీళ్లు. నురగ రాకుండా నీళ్లు పాలలా తెల్లబడి, కాసేపటికి తరకలు పైకి తేలితే కఠినమైన నీళ్లు. పక్కనే ఇంకో సీసాలో వాననీళ్లో డిస్టిల్డ్ వాటరో పోసి అలాగే ఊపి చూస్తే తేడా కళ్లకు కడుతుంది. లెక్కగా కావాలంటే, లీటరులో కాల్షియం కార్బొనేట్ పరంగా 60 మిల్లీగ్రాముల లోపు ఉంటే మెత్తటి నీళ్లు. 120 దాటితే కఠినం, 180 దాటితే చాలా కఠినం.

ఈ అంకెను సబ్బులోకి మార్చి చూస్తే అసలు నష్టం తెలుస్తుంది. లీటరుకు 300 మిల్లీగ్రాముల కఠినత్వం ఉన్న నీళ్లు 20 లీటర్ల బకెట్ నిండా పట్టామనుకుందాం. అందులో మొత్తం 6 గ్రాముల కాల్షియం కార్బొనేట్‌కు సమానమైన కఠినత్వం ఉంది. దాన్నంతా పట్టుకోవడానికి, సోడియం స్టియరేట్ లెక్కన చూస్తే, సుమారు 36 గ్రాముల సబ్బు కావాలి. అంటే మురికి మీద ఒక్క చుక్క పనిచేయకముందే 36 గ్రాముల సబ్బు తరకగా మారిపోతుంది. ఇంటిపొడిని ఒకటి రెండు చెంచాలు వేస్తే అందులో సబ్బు పది గ్రాములు కూడా ఉండదు. అలాంటి నీళ్లలో సబ్బు ఒక్కటే ఉంటే ఉతుకుతున్నది నీళ్లతోనే అనుకోవాలి, పైగా తరక అదనం.

వాషింగ్ సోడా అవసరం సరిగ్గా ఇక్కడే. దాని రసాయన నామం సోడియం కార్బొనేట్. అది కాల్షియాన్ని ముందే పట్టుకుని కాల్షియం కార్బొనేట్‌గా, అంటే సున్నపురాయి పొడిగా, వేరుచేస్తుంది. పైన చెప్పిన బకెట్‌కు దాదాపు ఆరున్నర గ్రాముల సోడా చాలు. 36 గ్రాముల సబ్బు వృథా కావాల్సిన చోట ఆరున్నర గ్రాముల సోడా సరిపోతుందన్నమాట. సోడా నీళ్ల క్షారతను కూడా పెంచుతుంది, కాబట్టి నూనె మరకలు తేలిగ్గా వదులుతాయి. అయితే వరస ముఖ్యం. ముందు సోడాను నీళ్లలో కరిగించి నాలుగైదు నిమిషాలు ఆగాలి, ఆ తర్వాతే సబ్బు వేయాలి. సబ్బు, సోడా కలిపిన పొడిని ఒకేసారి గుమ్మరిస్తే కాల్షియం కోసం రెండూ పోటీపడతాయి, ఆ పోటీలో సబ్బు కొంత నష్టపోతుంది. అందుకని రెండింటినీ ఒకే డబ్బాలో కలిపిపెట్టుకోవడం కన్నా విడివిడిగా ఉంచుకోవడమే మంచి పద్ధతి. చూడడానికి అంత అందంగా ఉండదు, అంతే.

సోడా కొలతలో ఇంకో చిక్కుంది. పలుకులుగా, గాజుముక్కల్లా దొరికే వాషింగ్ సోడాలో బరువులో 63 శాతం నీరే. మెత్తటి పొడిగా దొరికేదాంట్లో నీరు దాదాపు ఉండదు. కాబట్టి ఆరున్నర గ్రాముల పొడి సోడా చేసే పనికి పలుకుల సోడా పదిహేడు గ్రాములు పైనే పడుతుంది. "ఒక కప్పు సోడా" అని రాసిన కొలత ఏ సోడా గురించో చెప్పకపోతే దానికి విలువ లేదు. తూకం వేసుకోవడమే దారి.

వాషింగ్ సోడా బదులు వంట సోడా వాడొచ్చా అన్నది తరచూ వచ్చే ప్రశ్న. వాడినా పెద్దగా లాభం ఉండదు. వంట సోడా బైకార్బొనేట్. దాని క్షారత పీహెచ్ లెక్కలో 8 పైన కొంచెం ఉంటే, వాషింగ్ సోడాది 11 దగ్గర ఉంటుంది. నీళ్ల కఠినత్వాన్ని తీయడంలోనూ అది బాగా బలహీనం. ఇంట్లో వంట సోడానే ఉంటే ఒక ఉపాయం ఉంది. వెడల్పాటి స్టీలు పళ్లెంలో పల్చగా పరిచి ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర గంటసేపు వేడిచేస్తే కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి పోయి వాషింగ్ సోడాగా మారుతుంది. నిజంగా మారిందో లేదో త్రాసే చెబుతుంది. 100 గ్రాములు పెడితే 63 గ్రాములకు దిగాలి. అల్యూమినియం పళ్లెం మాత్రం వద్దు.

బోరాక్స్, అంటే వెలిగారం, గురించి రెండు మాటలు చాలు. అది తేలికపాటి క్షారం, కడుగు నీళ్ల పీహెచ్‌ను 9 దగ్గర నిలకడగా ఉంచుతుంది. ఆ పని సోడా ఎలాగూ చేస్తోంది. మరోవైపు యూరోపియన్ యూనియన్ దాన్ని సంతానోత్పత్తికి హాని చేసే పదార్థాల కింద వర్గీకరించింది. కడుపులోకి వెళితే ప్రమాదం, పొడి లేస్తే కళ్లకూ గొంతుకూ మంట. చిన్నపిల్లలున్న ఇంట్లో అంత అవసరం లేని వస్తువును కిలోలకొద్దీ నిల్వ పెట్టుకోవడం దేనికి? తీసేసినా పొడి పనితనంలో చెప్పుకోదగ్గ లోటు రాదు.

వెనిగర్ విషయంలో మాత్రం గట్టిగానే చెప్పాలి. సోడా, వెనిగర్ కలిపి పొంగేలా చేసి "ఎంత బాగా పనిచేస్తోందో చూడండి" అనే పద్ధతులు చాలా ఉన్నాయి. ఆ పొంగు కార్బన్ డయాక్సైడ్. ఆమ్లం, క్షారం ఒకదాన్నొకటి చంపుకున్నాక మిగిలేది సోడియం అసిటేట్ కలిసిన నీళ్లు, వాటికి మురికి వదిలించే గుణం లేదు. సబ్బులో వెనిగర్ పోస్తే ఇంకా నష్టం. సబ్బు విరిగి మళ్లీ కొవ్వు ఆమ్లంగా మారి జిడ్డుగా తేలుతుంది. ఇక బ్లీచ్‌లో వెనిగర్ ఎట్టి పరిస్థితిలోనూ కలపకూడదు. క్లోరిన్ వాయువు పుడుతుంది, మూసిన బాత్రూంలో అది ప్రాణాంతకం.

ఇంతవరకూ చూస్తే సోడా, సబ్బు సరిపోతాయనిపిస్తుంది. ఉతికే దశ వరకూ సరిపోతాయి కూడా. సమస్య మొదలయ్యేది జాడించేటప్పుడు. ఉతికే నీళ్లలో సోడా ఉంది కాబట్టి సబ్బు కరిగే ఉంది, పోగుల మధ్యలోకి వెళ్లింది. అదే బట్టను తీసి మామూలు కుళాయి నీళ్లలో ముంచగానే తాజా కాల్షియం లోపలికి వస్తుంది, పోగుల మధ్య మిగిలిన సబ్బు అక్కడికక్కడే తరకగా మారుతుంది. అక్కడ పుట్టిన తరకను ఎన్నిసార్లు జాడించినా బయటకు తేవడం కష్టం. ఒక్కో ఉతుక్కి చేరేది కొంచెమే కాబట్టి మొదటి నెల ఏమీ తెలియదు. ఇరవై ముప్పై ఉతుకులయ్యాక తువ్వాలు మైనం పూసినట్టవుతుంది. ఆ తరక కొత్త మురికినీ పట్టుకుంటుంది, తెల్లబట్టలు బూడిదరంగుకు తిరిగేది అందుకే. కఠినమైన నీళ్లున్నవాళ్లు మొదటిసారి జాడించే నీళ్లలో కూడా చిటికెడు సోడా వేసి కరిగిస్తే ఈ బెడద చాలావరకు తగ్గుతుంది. చాలా పద్ధతుల్లో ఈ ఒక్క మాట ఉండదు.

డిటర్జెంట్ పుట్టిన కథలోనూ ఈ నీళ్ల గొడవ ఉంది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో జర్మనీలో కొవ్వుల కరువు వచ్చి, సబ్బుకు బదులుగా కృత్రిమ పదార్థాల కోసం వెతికారు. ఆ దారిలో వచ్చిన డిటర్జెంట్లకు కాల్షియం తగిలినా సబ్బులాగా తరక కట్టవు. 1946లో టైడ్ లాంటి పొడులు మార్కెట్లోకి వచ్చాక బట్టల సబ్బు స్థానం చాలా దేశాల్లో మారిపోయింది. ఇవాళ్టి పొడుల్లో ఇంకా చాలా ఉంటాయి. రక్తం, చెమట లాంటి మరకలను విడగొట్టే ఎంజైములు, ఊడిన మురికి మళ్లీ బట్టకు అంటకుండా చూసే సెల్యులోజ్ పదార్థాలు, అతినీలలోహిత కిరణాలను పీల్చుకుని నీలి కాంతి ఇచ్చి తెలుపు ఎక్కువగా కనిపించేలా చేసే రంగులు. ఇంటిపొడిలో ఇవేవీ లేవు. ఉండాలని కోరుకోవడం కూడా న్యాయం కాదు. ఘాటైన సువాసనలు, రంగులు పడనివాళ్లకు అవి లేకపోవడమే ఊరట. ఏమి కలిసిందో పూర్తిగా తెలిసిన వస్తువు ఒంటికి తగిలే బట్ట మీద వాడడంలో ఉన్న నిశ్చింత చిన్నది కాదు.

అందువల్ల ఇంట్లోనే చేసుకోవాలనుకుంటే, స్నానపు సబ్బు తురమడం మానేసి బట్టల కోసమే సబ్బు చేసుకోవడం నయం. స్నానపు సబ్బుల్లో చర్మం ఎండిపోకుండా అదనపు నూనె పదార్థాలు కలుపుతారు, అవన్నీ బట్ట మీదికే చేరతాయి. బట్టల సబ్బుకు కొబ్బరి నూనెను మించింది లేదు. దానిలో దాదాపు సగం లారిక్ ఆమ్లం. ఆ సబ్బు చల్లటి నీళ్లలోనూ కరుగుతుంది, ఉప్పు కలిసిన నీళ్లలో కూడా నురగ ఇస్తుంది. చర్మానికి కొంచెం పొడిగా అనిపించే ఆ గుణమే బట్టకు కావాల్సింది.

500 గ్రాముల కొబ్బరి నూనెకు 90 గ్రాముల కాస్టిక్ సోడా, 200 గ్రాముల నీళ్లు. అన్నీ తూచాలి, నీళ్లు కూడా. నూనె మారితే కాస్టిక్ సోడా కొలత మారుతుంది. ఒక గ్రాము కొబ్బరి నూనెకు సుమారు 0.183 గ్రాములు పడితే ఆలివ్ నూనెకు 0.135 దగ్గర చాలు. కాబట్టి ఇదే కొలతతో ఇంకో నూనె వాడితే కాస్టిక్ సోడా మిగిలిపోయి చేతులు కాలతాయి. స్నానపు సబ్బుల్లో ఐదు శాతం నూనె మిగిలేలా లెక్క వేస్తారు. ఇక్కడ ఒకటి రెండు శాతం కన్నా మిగలకూడదు.

కాస్టిక్ సోడా విషయంలో ఏ మాత్రం అలసత్వం పనికిరాదు. కళ్లను పూర్తిగా కప్పే రక్షణ కళ్లద్దాలు, మోచేతుల దాకా రబ్బరు గ్లవ్స్, గాలి ఆడే చోటు, పిల్లలు పక్కన లేని సమయం. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ రోజుకు పని వాయిదా వేయడమే మంచిది. నీళ్లలో కాస్టిక్ సోడా కొంచెం కొంచెంగా వేయాలి. కాస్టిక్ సోడా మీద నీళ్లు పోయకూడదు, పోస్తే ఒక్కసారిగా మరిగి ఎగజిమ్ముతుంది. కలిపిన నీళ్లు క్షణాల్లో 80 డిగ్రీలు దాటొచ్చు, ఘాటైన ఆవిరి లేస్తుంది, దాని మీదికి వంగకూడదు. స్టీలు గిన్నె కానీ వేడి తట్టుకునే పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్ కానీ వాడాలి. అల్యూమినియం గిన్నెను అది తినేస్తుంది, మండే హైడ్రోజన్ వాయువు వస్తుంది. పైపులు శుభ్రం చేసే పొడులు కొన్నింట్లో అల్యూమినియం ముక్కలు కలుపుతారు, కాబట్టి అవి ఇందుకు పనికిరావు. ఒంటి మీద పడితే వెనిగర్ కోసం వెతక్కుండా వెంటనే ధారగా పారే నీళ్ల కింద ఇరవై నిమిషాలు కడగాలి. కంట్లో పడితే అలాగే కడుగుతూ ఆస్పత్రికి వెళ్లాలి.

నూనె, కాస్టిక్ నీళ్లు రెండూ 40–45 డిగ్రీలకు చల్లారాక నీళ్లను సన్నటి ధారగా నూనెలో పోస్తూ కలపాలి. మొదట నూనె తేటగా, పలచగా ఉంటుంది. కలిపేకొద్దీ తెల్లబడి చిక్కబడుతుంది. గరిటెతో కొంచెం తీసి పైన వారగా పోస్తే, ఆ గీత వెంటనే కలిసిపోకుండా ఒకటి రెండు క్షణాలు పైనే నిలిచిందంటే అచ్చులో పోసే సమయం వచ్చినట్టు. కొబ్బరి నూనె సబ్బు తొందరగా గట్టిపడుతుంది. అచ్చులో పోసిన ఆరు నుంచి పన్నెండు గంటల్లోపే, గోరు నొక్కితే గుర్తు పడే దశలో, గ్లవ్స్ వేసుకునే ముక్కలు కోయాలి. మర్నాటి సాయంత్రం దాకా వదిలేస్తే కత్తి పెట్టగానే పెళ్లలుగా విరిగిపోతుంది. అలా విరిగినా తురుముకోవడానికే కాబట్టి బాధలేదు. ముక్కలను గాలి తగిలేలా నాలుగు వారాలు ఆరనిస్తే నీరు పోయి గట్టిపడి ఎక్కువకాలం వస్తాయి.

ఈ సబ్బు అసలు బలం చేతి ఉతుకులోనే తెలుస్తుంది. కాలర్ మీద బిళ్లతో నేరుగా రుద్దితే సబ్బు మురికి దగ్గర చిక్కగా ఉంటుంది, చేతి ఒరిపిడి తోడవుతుంది, జాడించే నీళ్లు ధారాళంగా ఉంటాయి. మెషీన్‌లో ఈ మూడూ తక్కువే, ముఖ్యంగా ముందువైపు తలుపుండే మెషీన్లలో. అక్కడ నీళ్లు కొద్దిగానే వాడతారు. నురగ ఎక్కువైతే బట్టలు దొర్లి పడాల్సింది పడవు, మిగిలిన తరక డ్రమ్ము వెనకా రబ్బరు మడతల్లోనూ చేరి ముక్కవాసన వేస్తుంది. మెత్తటి నీళ్లుంటే తురుమును వేడినీళ్లలో పూర్తిగా కరిగించి కొద్దిగా వాడొచ్చు. కఠినమైన నీళ్లతో మెషీన్ వాడేవాళ్లకు ఇంటి సబ్బు సరిపడదు. ఆ మాట సూటిగా చెప్పడమే మేలు. వాళ్లు సువాసనలు లేని డిటర్జెంట్ సగం మోతాదులో వేసి సోడా తోడు చేసుకుంటే ఇంతకన్నా మంచి ఫలితం వస్తుంది.

పట్టు, ఉన్ని బట్టలకు సోడా గానీ ఈ సబ్బు గానీ వద్దు. అవి ప్రొటీన్ పోగులు, క్షారానికి బలహీనపడి మెరుపు పోతాయి. వాటికి కుంకుడు రసం నయం. అందులోని సపోనిన్లు క్షారం లేకుండానే నురగ ఇస్తాయి, కాల్షియంతో తరక కట్టవు, కాకపోతే నూనె మరకల మీద బలం తక్కువ. మంట అంటుకోకుండా రసాయనం పట్టించిన బట్టలకు కూడా సబ్బు వాడకూడదు. పైన పేరుకునే కొవ్వు పొర ఆ రక్షణను దెబ్బతీస్తుంది. పిల్లల రాత్రి దుస్తుల మీది లేబుల్‌లో ఈ హెచ్చరిక ఉంటే దాన్ని పాటించాలి.

ఇప్పటికే ఇంటిపొడి వాడుతున్నవాళ్లు తువ్వాలుతోనే లెక్క చూసుకోవచ్చు. బాగా ఆరిన తువ్వాలును బల్ల మీద పరిచి పైన ఒక్క నీటిచుక్క వేయాలి. చుక్క వెంటనే ఇంకిపోతే దిగుల్లేదు. ఆకు మీద వానచుక్కలా గుండ్రంగా నిలబడితే తరక చేరింది. అప్పుడు భరించగలిగినంత వేడినీళ్లలో రెండు చెంచాల సోడా, కొంచెం డిటర్జెంట్ కరిగించి మూడు నాలుగు గంటలు నానబెట్టాలి. నీళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి. అదంతా మురికే అని కంగారు పడక్కర్లేదు, రంగు తువ్వాలైతే వదిలిన రంగు కూడా అందులో ఉంటుంది. పిండి, జాడించి, ఆరాక మళ్లీ ఒక చుక్క వేసి చూడాలి. ఇంకా నిలబడుతుంటే ఇంకోసారి నానబెట్టాలి.